ఓడ నడుము మీద గీత: శామ్యూల్ ప్లిమ్సాల్ కథ

దమ్మాం, జుబైల్, రాస్ అల్ ఖైర్, యాన్బు, జెద్దా... సౌదీలో మన తెలుగువాళ్ళు ఉద్యోగాలు చేసే ఊళ్ళ పేర్లు చెప్పమంటే వీటిలో ఒకటో రెండో తప్పకుండా వస్తాయి. ఇవన్నీ రేవులే. ఈ రేవుల్లో ఆగిన ఏ సరుకు ఓడనైనా పక్కనుంచి చూడండి. ఓడ పొడవులో సరిగ్గా మధ్యన ఒక గుండ్రటి చక్రం, దాన్ని అడ్డంగా కోస్తూ ఒక గీత కనిపిస్తాయి. పక్కనే నిచ్చెన మెట్లలాగా మరికొన్ని చిన్న గీతలు, వాటికి ఇంగ్లీషు అక్షరాలు. తెలియనివాళ్ళకి అదేదో కంపెనీ ముద్ర అనిపిస్తుంది. కాదండీ, ఇంతకు మించి బరువు ఎక్కించకూడదని చెప్పే హద్దు అది.

ఆ హద్దుకి ఒక మనిషి పేరు ఉంది. ప్లిమ్సాల్ గీత అంటారు. శామ్యూల్ ప్లిమ్సాల్ నావికుడు కాదు, ఓడలు కట్టినవాడు కాదు, లెక్కల్లో పండితుడు అసలే కాదు. ఆయన ఒక బొగ్గు వ్యాపారి. 1898లో కన్నుమూశారు. అయినా ఇవాళ ప్రపంచంలో సరుకు మోసే ఓడలన్నీ దాదాపుగా ఆయన పేరున్న గీతని ఒంటి మీద వేసుకునే తిరుగుతున్నాయి.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. విదేశంలో ఇంజనీరింగులో మాస్టర్స్ చేసి, చాలామంది మిత్రుల్లాగే చివరికి కోడింగులో పడ్డాను. దమ్మాంలో ఉంటూ ఓడల సరుకు లెక్కలు కట్టే ప్రోగ్రాములు రాస్తుంటాను. రోజూ ఈ గీతతోనే నా పని. లెక్క నేర్చుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. లెక్క వెనక ఉన్న మనిషి గురించి చదవడం మొదలుపెట్టాక మాత్రం ఆపబుద్ధి కాలేదు. మన పత్రిక పాఠకుల్లో ఇంజనీర్లు ఎక్కువ కాబట్టి, లెక్కతో మొదలుపెట్టి మనిషి దగ్గరికి వస్తాను.

ముందు లెక్క సంగతి

ఓడ అడుగు నుంచి నీటి మట్టం దాకా ఉన్న లోతుని డ్రాఫ్టు అంటారు. మనం హైస్కూల్లో చదువుకున్న ఆర్కిమెడిస్ సూత్రమే దీనికి ఆధారం. ఓడ ఎంత నీటిని పక్కకి తోస్తే ఆ నీటి బరువే ఓడ బరువు. అంటే ఓడ ఎంత లోతు మునిగిందో చూసి దాని బరువు చెప్పొచ్చు. యాభై వేల టన్నుల సరుకుని తూచే కాటా ఎక్కడ దొరుకుతుంది? ఓడే కాటా, సముద్రమే రెండో పళ్ళెం!

పద్ధతి ఇలా ఉంటుంది. ఓడ ముందు, మధ్య, వెనక భాగాల్లో, రెండు పక్కలా కలిపి ఆరు చోట్ల అంకెలు వేసి ఉంటాయి. మీటర్ల పద్ధతిలో ఒక్కో అంకె 10 సెంటీమీటర్ల ఎత్తు. అంకె అడుగు అంచుకి నీరు తాకితే ఆ అంకె చెప్పిన లోతు అన్నమాట. ఈ ఆరు కొలతలూ చదివి, రెండు పక్కల సగటు తీస్తారు. ఓడ నిండా బరువు ఉన్నప్పుడు అది తిన్నగా ఉండదు, విల్లులాగా కాస్త వంగుతుంది. అందుకే మధ్య కొలతకి ఆరు రెట్లు విలువ ఇచ్చి, దానికి ముందు వెనకల కొలతలు కలిపి, ఎనిమిదితో భాగిస్తారు.

ఉదాహరణకి ముందు 11.80 మీటర్లు, వెనక 12.20, మధ్యలో 11.95 అనుకుందాం. ముందు వెనకల సగటు మాత్రమే తీస్తే 12.00 వస్తుంది. ఈ పద్ధతిలో తీస్తే 11.9625. తేడా నాలుగు సెంటీమీటర్లు కూడా లేదు. కానీ అంత పెద్ద ఓడ ఒక్క సెంటీమీటరు మునగాలంటే సుమారు 60 టన్నులు కావాలి. అంటే ఆ కాస్త తేడా 225 టన్నులు!

తర్వాత నీటి సాంద్రత చూడాలి. ఓడతో వచ్చే పట్టికలు మామూలుగా 1.025 సాంద్రతకి వేసి ఉంటాయి. గల్ఫ్ నీళ్ళు మామూలు సముద్రం కన్నా ఎక్కువ ఉప్పగా ఉంటాయి. ఎండకి నీరు ఆవిరైపోతుంది, నదులు తెచ్చిపోసే మంచినీరు తక్కువ. అందుకే బకెట్టుతో నీరు తోడి హైడ్రోమీటరుతో కొలుస్తారు. అది 1.028 వచ్చిందనుకోండి. పట్టికలో 60,000 టన్నులు అని ఉన్న ఓడ నిజానికి 60,176 టన్నులు తూగుతోందన్నమాట. ఆ 176 టన్నులని 50 కిలోల ఎరువు బస్తాల్లో చెప్పాలంటే మూడున్నర వేల బస్తాలు.

చివరగా ఓడలో ఉన్న బ్యాలస్టు నీరు, ఇంధనం, మంచినీరు, ఇతర సామాను బరువులు తీసేస్తే సరుకు లెక్క తేలుతుంది. దీన్ని డ్రాఫ్ట్ సర్వే అంటారు. అమ్మేవాళ్ళకీ, కొనేవాళ్ళకీ, బీమా వాళ్ళకీ ఇదే ఆధారం.

ఓడలో ఎంత ఉందో ఈ లెక్క చెబుతుంది. ఎంత ఉండొచ్చో మాత్రం చెప్పదు. ఆ రెండో సంగతి తేల్చడానికి ఇంగ్లండులో ఒక మనిషి ఇరవై ఏళ్ళకి పైగా కొట్లాడాల్సి వచ్చింది.

బీరు ఫ్యాక్టరీ గుమాస్తా

శామ్యూల్ ప్లిమ్సాల్ 1824 ఫిబ్రవరి 10న ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టారు. కుటుంబం పెన్రిత్‌కి, అక్కడి నుంచి షెఫీల్డుకి మారింది. చిన్న వయసులోనే బడి మానేసి గుమాస్తా పనిలో చేరారు. తర్వాత ఒక బీరు ఫ్యాక్టరీలో చేరి మేనేజరు దాకా ఎదిగారు. 1851లో లండన్లో జరిగిన మహా ప్రదర్శనకి షెఫీల్డు తరఫున గౌరవ కార్యదర్శిగా పనిచేశారు. చురుకైన మనిషి, మాటకారి, కొంచెం తొందరపాటు కూడా ఉన్నవాడు.

1853లో ఉద్యోగం వదిలి లండన్లో బొగ్గు వ్యాపారం పెట్టారు. అప్పట్లో లండన్‌కి బొగ్గు చాలావరకు ఈశాన్య తీరం నుంచి ఓడల మీద వచ్చేది. యార్క్‌షైర్ బొగ్గుని రైల్లో తెస్తే లాభం అని ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే కానీ చేతిలో డబ్బు చాలలేదు. వ్యాపారం మునిగింది. ఉన్నదంతా పోయి, వారానికి ఏడు షిల్లింగుల రెండు పెన్నీల ఖర్చుతో, కూలీనాలీ జనం తలదాచుకునే చవక సత్రంలో కొంతకాలం బతికారు.

ఆ సత్రంలో ఉండగా ఆయన చూసింది పేదవాళ్ళ మంచితనాన్ని. తమకే లేనివాళ్ళు పక్కవాడికి పెట్టడం, పని దొరకనివాడిని పదిమంది కలిసి నిలబెట్టడం చూశారు. మళ్ళీ నాలుగు డబ్బులు చేతికొస్తే వీళ్ళకోసం ఏదైనా చేయాలని అప్పుడే అనుకున్నారట. గల్ఫ్‌కి వచ్చిన కొత్తలో ఒకే గదిలో ఆరుగురు ఎనిమిదిమంది సర్దుకుని బతికిన మనవాళ్ళకి ఈ అనుభవాన్ని నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

మెల్లగా నిలదొక్కుకున్నారు. బొగ్గు దించేటప్పుడు ముక్కలైపోకుండా చూసే పద్ధతులకి పేటెంట్లు తీసుకున్నారు. రైలు బొగ్గు వ్యాపారం కలిసొచ్చింది. 1857లో ఎలైజాని పెళ్ళి చేసుకున్నారు. ఈమె పేరు గుర్తుంచుకోండి, కథలో మళ్ళీ వస్తుంది. 1865లో డెర్బీ నుంచి పార్లమెంటుకి పోటీ చేసి ఓడిపోయారు. 1868లో అక్కడి నుంచే లిబరల్ పార్టీ తరఫున గెలిచారు.

శవపేటిక ఓడలు

అప్పట్లో బ్రిటన్ ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడల దేశం. ఏటా వందల ఓడలు దెబ్బతినేవి లేదా మునిగేవి. తుఫానుల వల్ల మునిగినవి కొన్నైతే, పుచ్చిపోయిన పాత ఓడల్లో పట్టేదానికన్నా ఎక్కువ సరుకు కుక్కడం వల్ల మునిగినవి మరికొన్ని. ఓడకీ సరుకుకీ బీమా ఉండేది. కొందరు యజమానులు ఓడ విలువకన్నా ఎక్కువకే బీమా చేయించేవాళ్ళు. ఓడ గమ్యం చేరితే లాభం, మునిగితే కూడా నష్టం లేదు. నష్టపోయేది అందులో ఉన్న మనుషులు, ఇంటి దగ్గర ఎదురుచూసే పెళ్ళాం పిల్లలు. ఇలాంటి వాటికి జనం పెట్టిన పేరు శవపేటిక ఓడలు.

1866 జనవరిలో లండన్ అనే పేరున్న ఆవిరి ఓడ మెల్‌బోర్న్ వెళుతూ బిస్కే అఖాతంలో మునిగి సుమారు 220 మంది చనిపోయారు. అధిక బరువే కారణమని అప్పట్లో గట్టిగా వినిపించింది. న్యూకాసిల్ ప్రాంతపు ఓడ యజమాని జేమ్స్ హాల్ అనే ఆయన, తాను కూడా ఆ వ్యాపారంలోనే ఉండి, ఓడల మీద బరువు హద్దు గీత ఉండాలని ప్రచారం మొదలుపెట్టారు. ప్లిమ్సాల్‌కి ఈ విషయం చేరింది హాల్ ద్వారానే. అంటే గీత అనే ఆలోచన ప్లిమ్సాల్‌ది కాదు. అంతకుముందే 1835లో లాయిడ్స్ సంస్థ, ఓడ సరుకు గది లోతులో ప్రతి అడుగుకీ మూడంగుళాల చొప్పున ఓడ పక్క నీటికి పైన ఉండాలని ఒక సూచన ఇచ్చింది. కానీ సూచన సూచనే. పాటించకపోతే అడిగేవాళ్ళు లేరు.

మరి నావికులు అలాంటి ఓడ ఎక్కం అనొచ్చు కదా అంటారా? ఒకసారి ఒప్పందం మీద సంతకం పెట్టాక ఓడ ఎక్కనంటే జైలే. ఓడ పరిస్థితి సంతకానికి ముందు చూపించేవాళ్ళు కాదు. కళ్ళెదుట మునిగేలా ఉన్న ఓడని చూసి ఎక్కనన్నందుకు జైలుకి వెళ్ళిన నావికులు వందల్లో ఉన్నారు. సముద్రంలో చావడం కన్నా జైలు నయమని వాళ్ళు అనుకున్నారంటే ఆ ఓడలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు. కాగితం మీద సంతకం పెట్టాక వెనక్కి తిరిగే దారి మూసుకుపోవడం అంటే ఏమిటో గల్ఫ్ కూలీల కథలు విన్న మన వాళ్ళకి తెలుసు.

1873లో ప్లిమ్సాల్ మన నావికులు అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం వేశారు. మునిగిన ఓడల వివరాలు, నావికుల కుటుంబాల గోడు, యజమానుల లెక్కలు అందులో పెట్టారు. దేశం ఊగిపోయింది. ఆ పుస్తకంలో తప్పులు కూడా ఉన్నాయని చెప్పాలి. ఆవేశంలో కొన్ని విన్నవి విన్నట్టే రాసేశారు. పరువు నష్టం దావాలు ఆయన మీద వచ్చిపడ్డాయి, చేతి డబ్బు బాగానే వదిలింది. అయినా అసలు విషయం అబద్ధం అని ఎవరూ కొట్టిపారెయ్యలేకపోయారు. అదే ఏడాది ప్రభుత్వం రాయల్ కమిషన్ వేసింది.

ఆ కమిషన్ తేల్చింది ఆసక్తికరంగా ఉంటుంది. అన్ని ఓడలకీ సరిపోయే బరువు హద్దు చెప్పడం సాధ్యం కాదన్నారు. ప్రభుత్వం హద్దు పెడితే యజమాని బాధ్యత తగ్గిపోతుందన్నారు. ఈ రెండు వాదనలూ పైకి వినడానికి సబబుగానే ఉంటాయి. ఈ రోజుకీ ఏ కొత్త భద్రతా నియమం వచ్చినా మొదట వినిపించేవి ఇవే.

1875 జూలై 22

1875లో డిజ్రేలీ ప్రభుత్వం ఓడల బిల్లు ఒకటి తెచ్చింది. ప్లిమ్సాల్ దృష్టిలో అది చాలా నీరసమైన బిల్లు. అయినా అసలు ఏమీ లేనిదానికన్నా నయమని ఒప్పుకున్నారు. జూలై 22న, సభ ముగిసే కాలం దగ్గరపడిందని చెప్పి, ఆ బిల్లుని కూడా ఈ ఏడాదికి వదిలేస్తున్నామని ప్రధాని ప్రకటించారు. మరో చలికాలం, మరిన్ని ఓడలు, మరింతమంది నావికులు అన్నమాట.

ప్లిమ్సాల్ ఇక ఆగలేకపోయారు. సభ మధ్యలోకి వచ్చి, అక్కడే కూర్చున్న ఓడ యజమానులైన సభ్యుల్ని దుర్మార్గులని తిట్టారు. స్పీకరు మొహం మీదికి పిడికిలి ఊపారు. మాట వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. బయటికి పొమ్మంటే పోయారు. బ్రిటిష్ పార్లమెంటులో అప్పట్లో ఇది మామూలు సంగతి కాదు. అది ఆవేశమే అయినా పూర్తిగా అనుకోకుండా జరిగింది కూడా కాదు. ఆయన భార్య ఎలైజా పైనున్న గ్యాలరీలో కూర్చుని, ముందే రాసిపెట్టుకున్న నిరసన పత్రం కాపీలు పత్రికలవాళ్ళకి అందేలా చూశారు. ఆ భార్యాభర్తలిద్దరూ కలిసే ఈ ఉద్యమం నడిపారు. పేరు మాత్రం ఒక్కరికే దక్కింది.

ప్లిమ్సాల్‌ని మందలించాలని ప్రధాని ప్రతిపాదించి, తర్వాత ఆ విషయాన్ని ఒక వారం వాయిదా వేశారు. ఆ వారంలో దేశమంతా సభలు జరిగాయి, పత్రికలు రాశాయి, రేవు పట్టణాలు కదిలాయి. వారం తర్వాత ప్లిమ్సాల్ సభా మర్యాద తప్పినందుకు క్షమాపణ చెప్పారు. చేసిన ఆరోపణల నుంచి మాత్రం తగ్గలేదు. ప్రభుత్వం హడావిడిగా ఒక తాత్కాలిక చట్టం చేసింది. 1876లో శాశ్వత చట్టం వచ్చింది. ప్రతి బ్రిటిష్ సరుకు ఓడ మీదా చక్రం, దాని మధ్య గీత తప్పనిసరి అయ్యాయి.

గీత వచ్చింది, కానీ...

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటే పొరపాటే. 1876 చట్టం గీత ఉండాలంది. ఎక్కడ ఉండాలో చెప్పలేదు! ఆ చోటు నిర్ణయించేది ఎవరయ్యా అంటే ఓడ యజమానే. కార్డిఫ్‌కి చెందిన ఒక కెప్టెను ఆ గీతని ఏకంగా పొగగొట్టం మీద వేయించాడని ఓడలవాళ్ళు కథగా చెప్పుకుంటారు. అది నిజమో కాదో గానీ, చట్టంలో ఉన్న చిల్లు మాత్రం నిజం.

మన భాషలో చెప్పాలంటే, ఫీల్డు తప్పనిసరి, విలువ మాత్రం మీ ఇష్టం. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి దీన్ని ఇంకా వివరించక్కర్లేదు.

ఈ చిల్లు పూడ్చడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. పూడ్చింది కోపం ఒక్కటే కాదు, లెక్క కూడా. ఒక్క హద్దు అన్ని ఓడలకీ సరిపోదన్న కమిషన్ మాటలో కొంత నిజం ఉంది. పొడవు, వెడల్పు, లోతు, ఆకారం, డెక్కు మీద కట్టడాలు... ఇవన్నీ మారితే హద్దు మారుతుంది. లాయిడ్స్ రిజిస్టర్‌లో ముఖ్య సర్వేయరుగా పనిచేసిన బెంజమిన్ మార్టెల్ ఇలాంటివన్నీ లెక్కలోకి తీసుకుని 1882లో పట్టికలు తయారుచేశారు. ఏ కొలతల ఓడకి నీటిపైన ఎంత ఎత్తు మిగలాలో ఆ పట్టికలు చెప్పాయి. సాధ్యం కాదన్న వాదనకి అక్కడితో కాలం చెల్లింది. 1890 చట్టంతో గీత చోటు నిర్ణయించే హక్కు యజమాని చేతిలోంచి పోయింది. 1906 చట్టంతో బ్రిటిష్ రేవులకి వచ్చే విదేశీ ఓడలకి కూడా వర్తించింది. 1930లో లండన్లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దాని స్థానంలో 1966 ఏప్రిల్ 5న వచ్చిన ఒప్పందమే, తర్వాతి సవరణలతో, ఇప్పుడు మనం అనుసరించేది.

అరిచే మనిషి లేకపోతే పట్టికలు ఎవరూ వేసేవాళ్ళు కాదు. పట్టికలు లేకపోతే ఆ అరుపు గాలిలో కలిసిపోయేది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

రాస్ అల్ ఖైర్ నుంచి విశాఖ దాకా

ఇప్పుడు ఆ గీత మన దగ్గర ఎలా పనిచేస్తుందో చూద్దాం. సౌదీ ఉత్తరాన అల్ జలామిద్ గనుల్లో తవ్విన ఫాస్ఫేటు వెయ్యి కిలోమీటర్లకి పైగా రైల్లో ప్రయాణించి, జుబైల్‌కి ఉత్తరాన ఉన్న రాస్ అల్ ఖైర్ చేరుతుంది. అక్కడ డి.ఏ.పి. ఎరువుగా మారి ఓడలకెక్కుతుంది. దాన్ని కొనే పెద్ద దేశాల్లో మనదీ ఒకటి. విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం లాంటి రేవుల్లో దిగే దిగుమతి ఎరువు అక్కడి నుంచి మన రైతుల పొలాలకి వెళుతుంది. ఖనిజాన్ని రైలెక్కించి రేవుకి తేవడం చూస్తే ప్లిమ్సాల్‌లోని బొగ్గు వ్యాపారి సంతోషించేవాడేమో!

ఓడ మీద నిచ్చెనలాంటి గీతల్లో ముఖ్యమైనది ఎస్, అంటే వేసవి గీత. దానికి పైన టి, అంటే ఉష్ణమండల గీత. కింద డబ్ల్యు, అంటే చలికాలపు గీత. తుఫానులు తక్కువగా ఉండే చోట కాస్త ఎక్కువ మునగొచ్చు, అలలు పెద్దవిగా ఉండే చోట తక్కువ మునగాలి. వేసవి డ్రాఫ్టులో నలభై ఎనిమిదో వంతు టి గీత పైన ఉంటుంది. డ్రాఫ్టు 12 మీటర్లు అయితే తేడా 25 సెంటీమీటర్లు. సెంటీమీటరుకి 60 టన్నుల చొప్పున 1,500 టన్నులు, అంటే ముప్ఫై వేల బస్తాలు. ఒక్క జానెడు తేడాలో అంత డబ్బు ఉంది మరి.

పర్షియన్ గల్ఫూ, ఎర్రసముద్రమూ ఈ ఒప్పందంలో ఏడాది పొడవునా ఉష్ణమండలమే. కాబట్టి దమ్మాం రేవులో టి గీత దాకా నింపొచ్చు అనిపిస్తుంది. జనవరిలో అయితే నిజమే. కానీ జూన్లో కాదు. ఓడ గల్ఫ్ దాటి 59 డిగ్రీల రేఖాంశం తర్వాత అరేబియా సముద్రంలోకి వెళ్ళగానే అక్కడ వేసవి హద్దు మొదలవుతుంది. బంగాళాఖాతంలో డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకే టి గీత. మే 1 నుంచి నవంబరు 30 దాకా ఎస్ గీతే. నైరుతి ఋతుపవనాలు, మన తీరం మీద విరుచుకుపడే తుఫానులు ఎప్పుడుంటాయో గుర్తు చేసుకోండి. దివిసీమ ఉప్పెన నవంబరులోనే కదా వచ్చింది. అందుకే జూన్లో బయల్దేరే ఓడ, దారిలో ఖర్చయ్యే ఇంధనం లెక్కేసుకుని, వేసవి హద్దు మొదలయ్యే చోటికి ఎస్ గీత మునగకుండా చేరేలా ఇక్కడే సరుకు తగ్గించుకోవాలి. ఇక్కడి ప్రశాంతమైన నీళ్ళు చూసి కాదు, ముందున్న సముద్రాన్ని చూసి నింపాలి.

చక్రం పక్కన ఎఫ్ గీత మంచినీటికి. ఉప్పునీటిలోంచి హుగ్లీ నది మీద హల్దియాకి వెళ్ళే ఓడ, ఒక్క బస్తా ఎక్కించకపోయినా, మరికాస్త మునుగుతుంది. నీరు పలచబడింది కాబట్టి. ఆ గీత ఇలాంటి చోట్ల పనికొస్తుంది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. డ్రాఫ్టు సరిగ్గా ఉన్నంత మాత్రాన ఓడ క్షేమం కాదు. 2006 ఫిబ్రవరిలో సౌదీలోని దుబా నుంచి ఈజిప్టులోని సఫాగాకి బయల్దేరిన అల్ సలాం బొకాసియో అనే ప్రయాణికుల ఓడ ఎర్రసముద్రంలో మునిగి సుమారు వెయ్యిమంది చనిపోయారు. మంటలు ఆర్పడానికి కొట్టిన నీరు కార్లుండే డెక్కు మీద నిలిచి, అటూ ఇటూ కదిలి ఓడని పక్కకి ఒరిగించింది. అది బరువు హద్దుకి వేరే సంగతి, స్థిరత్వానికి సంబంధించింది. ప్లిమ్సాల్ గీత ఒక ప్రమాదాన్ని ఆపుతుంది, అన్నిటినీ కాదు.

చివరి రోజులు

1880 ఎన్నికల తర్వాత ప్లిమ్సాల్ తన డెర్బీ సీటుని, ఓడిపోయిన విలియం హార్కోర్ట్ అనే మంత్రికి వదిలిపెట్టారు. మంత్రివర్గంలో ఉన్నవాడైతే నావికులకి ఇంకా ఎక్కువ చేయగలడని నమ్మకం. ఆ నమ్మకం ఫలించలేదు, ఇద్దరికీ చెడింది. 1882లో ఎలైజా ఆస్ట్రేలియాలో చనిపోయారు. తర్వాత ఆయన హేరియట్‌ని పెళ్ళి చేసుకున్నారు. 1885లో షెఫీల్డు నుంచి పోటీచేసి ఓడిపోయారు. మళ్ళీ పార్లమెంటు మెట్లెక్కలేదు.

అయినా ఊరుకోలేదు. నావికుల యూనియన్‌కి గౌరవాధ్యక్షులుగా పనిచేశారు. 1890లో పశువులని తీసుకెళ్ళే ఓడల దారుణాల మీద మరో పుస్తకం వేశారు. ముసలితనంలో అమెరికా వెళ్ళి, అక్కడి బడి పిల్లల చరిత్ర పుస్తకాల్లో ఇంగ్లండు మీద ఉన్న చేదు తగ్గించమని అడిగివచ్చారు. 1898 జూన్ 3న ఫోక్‌స్టన్‌లో కన్నుమూశారు. 1929లో నావికుల యూనియన్ వాళ్ళే డబ్బులు వేసుకుని లండన్లో థేమ్స్ ఒడ్డున ఆయన స్మారకం కట్టారు. ఓడ యజమానులు కట్టించలేదు, పార్లమెంటు కట్టించలేదు. గుడ్డ బూట్లకి రబ్బరు అంచు చుట్టూ గీత ఉంటుంది కాబట్టి ఇంగ్లండులో వాటికి కూడా ప్లిమ్సాల్స్ అనే పేరు వచ్చింది. బడిపిల్లల కాళ్ళకి ఆ పేరు చాలాకాలం అంటుకుని ఉంది.

గీత ఎవరి చేతిలో ఉండాలి?

నా పనిలో ఎదురైన ఒక సంగతి చెబుతాను. ఒక కస్టమరు, పేరెందుకు లెండి, మా ప్రోగ్రాములో ఒక చిన్న మార్పు అడిగారు. లెక్క హద్దు దాటితే సరుకు ప్లాను ఆగిపోతోంది, దాన్ని పసుపురంగు హెచ్చరికగా మార్చమన్నారు. హద్దు విలువని కూడా లోడింగు సూపర్‌వైజరు సెట్టింగుల్లో మార్చుకునేలా పెట్టమన్నారు. పని త్వరగా జరగాలి, అంతే తప్ప వేరే ఉద్దేశం లేదన్నారు. అది నిజమే అయి ఉండొచ్చు. కోడు పరంగా చూస్తే అది ఒక్క పూట పని.

మేము కుదరదన్నాం. నెలల తరబడి మీటింగులు జరిగాయి. చివరికి హద్దు విలువలు ఓడ సర్టిఫికెట్టు నుంచే రావాలి, ప్రోగ్రాములో ఎవరూ మార్చలేరు అన్న దగ్గర ఒప్పందం కుదిరింది. ఆ మీటింగుల్లో వినిపించిన వాదనలు నాకు బాగా తెలిసినవే. అనుభవజ్ఞులకి వదిలెయ్యండి, ఒకే నియమం అందరికీ పడదు, బాధ్యత మాది... 1873 కమిషన్ కూడా అవే చెప్పింది. 1876 చట్టం గీతని యజమాని చేతిలో పెట్టినప్పుడు ఏం జరిగిందో చదవకపోయి ఉంటే, బహుశా నేనూ ఆ పూట పని చేసి ఇచ్చేసేవాడినేమో.

ఇది ఓడల సంగతి మాత్రమే కాదు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణా నదిలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని పడవ, పట్టేదానికన్నా ఎక్కువ జనం. నూటనలభై ఏళ్ళ కిందట సముద్రపు ఓడలకి దక్కిన గీత, మన నదిలో కార్తీకమాసం పూట పడవెక్కినవాళ్ళకి ఆ రోజు దక్కలేదు. ఎంతమంది ఎక్కాలో నిర్ణయించింది టిక్కెట్టు డబ్బులు తీసుకున్న చెయ్యే.

హద్దు ఎంతో లెక్క చెబుతుంది. ఆ హద్దు, దాన్ని దాటితే లాభపడేవాడి చేతిలో ఉండకూడదు. ప్లిమ్సాల్ జీవితం మొత్తం ఈ రెండో వాక్యం కోసమే ఖర్చయింది. మనలో చాలామందిమి ఎక్కడో ఒకచోట ఇలాంటి గీతలు వేసే ఉద్యోగాలే చేస్తున్నాం. వంతెన మీద బరువు, బాయిలరులో ప్రెషరు, బ్యాంకులో అప్పు, ఆస్పత్రిలో మందు మోతాదు. గీత వేసేటప్పుడు దాన్ని జరిపే వీలు ఎవరికి ఇస్తున్నామో కూడా ఒకసారి చూసుకుంటే మంచిది.

ఈసారి కోర్నిష్ మీద పిల్లలతో నడుస్తుంటే, దగ్గరలో ఏదైనా సరుకు ఓడ కనబడితే, ఆ చక్రాన్ని చూపించండి. గీత నీటిపైన ఉందో లేదో వాళ్ళనే చెప్పమనండి. పైన ఉంటే ఆ ఓడలో పనిచేసేవాళ్ళకి ఇల్లు చేరే దారి కాస్త భద్రంగా ఉన్నట్టే.